పలకయు దిక్సూచియు

తెలుగునాట బిడ్డకు అక్షరాభ్యాసము చేయించునాడు పెద్దలు వాని చేతి కందిచ్చునది పలక. దానిపై వ్రాయవచ్చును, తుడువవచ్చును, తుడిచి మరల వ్రాయవచ్చును. కాని యేడాది తిరుగునప్పటికి పలకమీది యక్షరము బాలుని బుద్ధిలోనికి దిగవలయును. పలక పగిలిననాడు అక్షరము పగులరాదు. ఈ చిన్న సంగతిని చిన్న విమానములు నడుపువారి విషయమున నేడు మరల జ్ఞప్తికి దెచ్చుకొనవలసి వచ్చినది. ఏలయన వారి చేతిలోను ఇప్పుడొక పలక యున్నది.

ఆ పలక టాబ్లెట్ కంప్యూటరు. 2010వ సంవత్సరమున ఐప్యాడ్ వెలువడెను. ఆ యేటనే అమెరికాలో ఫోర్‌ఫ్లైట్ అను వైమానిక సాధనము దానియందు వాడుకకు వచ్చెను. పిమ్మట గార్మిన్ పైలట్, బ్రిటనులో స్కైడెమన్, ఆస్ట్రేలియాలో ఓజ్‌రన్‌వేస్ ప్రచారమునకు వచ్చినవి. వైమానికుడు ఈ పలకను తొడకు కట్టుకొనును. లేదా ఎదుట బిగించుకొనును. దానియందు దేశపటము కనబడును. పటముమీద చిన్న విమానపు బొమ్మ తన విమానముతో పాటు కదలుచుండును. ఏ వైపున నిషిద్ధాకాశ మున్నది, దాపున నున్న విమానాశ్రయ మేది, దాని పరుగుబాట పొడవెంత, గాలి యెటు వీచుచున్నది, ఈ ప్రశ్నలన్నిటికిని వ్రేలు మోపినంతనే సమాధానము దొరకును. విమానమునందే అమర్చు యంత్రములకు లక్షలు వ్యయమగుచుండగా, ఈ పలక సామాన్య వైమానికునికిని అందుబాటులో నున్నది.

ఈ సౌకర్యపు విలువ తెలియవలయునన్న పూర్వపు రోజులను తలచుకొనవలయును. 1932 అక్టోబరు 15వ తేదీని జె. ఆర్. డి. టాటా చిన్న పుస్‌మాత్ విమానమున తపాలసంచులతో కరాచీనుండి బయలుదేరి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి జుహూ చేరెను. ఆ విమానమున రేడియో లేదు. ఇంచుమించు ఆ కాలముననే అమెరికాలో జెప్పెసన్ అను తపాలా వైమానికుడు పది సెంట్ల ఖరీదు గల చిన్న పుస్తకమొకటి కొని, దిగుచోట్ల పొడవులను, అడ్డువచ్చు కొండలను, దీపముల గురుతులను అందు వ్రాసికొనుచుండెను. తోడి వైమానికులు దానిని కోరగా 1934లో ప్రతులు తీసి విక్రయింప నారంభించెను. ఆ పుస్తకమే కాలక్రమమున లోకమందలి వైమానిక పటముల కొక ప్రధాన మూలమయ్యెను. వైమానిక సమాచారము 28 దినముల కొకమారు సవరింపబడుచుండును. మారిన ప్రతి కాగితమును తీసి మరియొకటి చేర్చుట, ఇరుకైన గదిలో గాలి కుదుపునందు పెద్దపటమును మడత విప్పుట ఎంత ప్రయాసమో అనుభవించినవారికే తెలియును. ఆ ప్రయాసమును పలక తొలగించినది. దారితప్పి నిషిద్ధాకాశమున జొరబడు దోషమును నివారించుటకు కదలెడి పటములను వాడుడని బ్రిటిషు పౌర విమానయాన సంస్థయే చిన్న విమానములవారిని ప్రోత్సహించుచున్నది. కావున పలకను పారవేయుమని చెప్పుట మా యభిమతము గాదు. అట్లు చెప్పుట అవివేకము.

మా యాక్షేపణ వేరు. కొంతకాలము క్రిందట మా మిత్రుని కుమారుడొకడు వైమానికవిద్య నభ్యసించుచు సెలవులకు వచ్చి తన పలకను మాకు చూపించెను. అతడు దానిని చూపినంతసేపును మాకు ముచ్చటగనే యుండెను. కట్టకడపట “నాయనా, ఆకాశమున నుండగా ఇది ఆరిపోయినచో నీ వెక్కడ నున్నదియు నెట్లు తెలిసికొందువు?” అని యడిగితిమి. “బాబాయిగారూ, సంచిలో రెండవది యున్నదండీ” అని యాతడు నవ్వెను. ఆ రెండవది తప్పు చెప్పినచో నేమని మరల నడిగితిమి. కుఱ్ఱవాడు నవ్వుట మాని ఆలోచింపసాగెను. ఆ యాలోచనయే ఈ వ్యాసమునకు కారణము.

న్యాయస్థానములతో పరిచయమున్న వారికి ఒక సూత్రము తెలియును. ఒక విషయము రుజువగుటకు ఇంతమంది సాక్షులు కావలయునని చట్టము నిర్బంధింపలేదు. 1872 నాటి సాక్ష్యచట్టమున నట్లే యుండెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన క్రొత్త చట్టమునను అట్లే యున్నది. లెక్క ముఖ్యము గాదు, స్వాతంత్ర్యము ముఖ్యము. ఒకే నోట విని వచ్చి బోనెక్కిన యిద్దరు సాక్షులు ఇద్దరు గారు, ఒక్కడే. వైమానికుని మొదటి పలకయు రెండవ పలకయు జేబులోని ఫోనును ఇట్టి సాక్షులే. ఆ మూడింటికిని స్థానమును జెప్పునది ఆకాశమందలి ఉపగ్రహ సంకేతములే. ఆ మూలము మూగవోయిన మూడును మూగవోవును. అది అబద్ధమాడిన మూడును ఒక్క గొంతుకతో అబద్ధమాడును. మూడు గొంతుకలు కలిసినవి గదా యని వైమానికుడు మరింత నమ్మును. అందే యున్నది అపాయము.

పలక తనంతట తాను చెడు విధములు కొన్ని గలవు. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి లోబడి వాడవలయునని దానిని చేసినవారే చెప్పుచున్నారు. మే మాసమున రెంటచింతలలోను, రామగుండములోను నీడయందే అంతకు మించిన యెండ గాయును. ఇక అద్దపు గదిలో సూర్యుని కెదురుగా బిగించిన పలక సంగతి చెప్పనేల? వేడి మీరినప్పుడు అది హెచ్చరిక చూపి తెర మూసికొనును. వైఫై మాత్రమే గల ఐప్యాడ్‌లో ఉపగ్రహ సంకేతములను గ్రహించు యంత్రమే లేదు. ఈ భేదము తెలియక కొన్నవాడు గాలిలోనికి లేచిన పిమ్మట బొమ్మ కదలలేదేమని విస్తుపోవును. 2015 ఏప్రిల్ మాసమున అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి పెద్ద విమానములు పదులకొలది ఆలస్యమయ్యెను. కారణ మేమన, వాషింగ్టను రీగన్ విమానాశ్రయపు పటమొకటి పలకలలోని సమాచారమున రెండుమార్లు చేరుటయే. ఒక్క పటము రెట్టించినందుకు ఎందరో వైమానికుల పలకలు ఒకేమారు పనిచేయకుండ నిలిచినవి. కాగితపు పటము చిరిగిన ఒక్కనికే చిరుగును గాని, ఇట్లు ఊరందరికిని ఒకేమారు చిరుగదు.

చెడిన పలకకంటె చెడనట్లు కనబడు పలక మరింత ప్రమాదకరము. అమెరికాలో వానమేఘముల చిత్రము సయితము పలకలోనికి వచ్చును. ఆ చిత్రము ఎన్ని నిమిషముల క్రిందటిదో దాని మూలను వ్రాసియుండును. కాని ఆ లెక్క చిత్రము కూర్చబడిన వేళనుండి మొదలగును. మేఘమును రాడారు చూచిన వేళనుండి కాదు. కొన్ని సందర్భములందు నిజమైన వయస్సు తెరమీది వయస్సుకంటె 15 మొదలు 20 నిమిషము లెక్కువ యుండవచ్చునని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012లో హెచ్చరించెను. ప్రాణనష్టము జరిగిన ప్రమాదములను ఉదాహరించియే హెచ్చరించెను. ఇరువది నిమిషములలో ఉరుముల మేఘము ఊరు దాటును. మేఘము లేదని పలక చూపినచోటనే అది కాచుకొని యుండును. కిటికీలోనుండి చూచిన కన్ను దానిని గుర్తింపగలదు; తెరనే చూచు కన్ను గుర్తింపజాలదు.

ఇక మూలమైన ఉపగ్రహ సంకేతముల సంగతి విచారింతము. జీ.పీ.యస్. అమెరికా సైన్యపు నిర్మాణము. 1983 సెప్టెంబరు 1వ తేదీని దారితప్పి సోవియటు ఆకాశమున జొచ్చిన కొరియా విమానము కూల్చబడి 269 మంది మరణించిన పిమ్మట, ఈ సంకేతము సిద్ధమైనప్పుడు సామాన్య ప్రజల కుపయోగపడునని అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వము ప్రకటించెను. ప్రజల కిచ్చు సంకేతమును బుద్ధిపూర్వకముగ మసకజేయు పద్ధతి 2000 మే వరకు సాగెను. నేడు లోకమంతయు దానిని ఉచితముగ వాడుకొనుచున్నది. అందులకు కృతజ్ఞత చూపవలసినదే. కాని ఆ సంకేతము భూమిని చేరునప్పటికి మిక్కిలి క్షీణమైనది. దానిని అణచివేయుటయు, దాని స్థానమున దొంగసంకేతమును పంపి విమానమును మోసగించుటయు నేడు యుద్ధభూముల చుట్టుపట్ల నిత్యకృత్యమైనది. 2023 నవంబరునుండి 2025 ఫిబ్రవరి వరకు మన సరిహద్దులందు, ముఖ్యముగా అమృతసరము, జమ్ము ప్రాంతములందు, ఇట్టివి 465 జరిగినట్లు ప్రభుత్వమే పార్లమెంటునకు తెలియజేసెను. పెద్ద విమానములకు జీ.పీ.యస్.తో నిమిత్తము లేని ఇతర సాధనములు గలవు. పలకను మాత్రమే నమ్మిన చిన్న విమానమునకు దిక్కేది?

దిక్కు కలదు. అది పాతది, చవుకైనది, ఎవరి దయమీదను ఆధారపడనిది. దిక్సూచి, గడియారము, పటము, కన్ను. ఈ నాలుగును పరస్పరము సంబంధము లేని సాక్షులు. గంటకు 180 కిలోమీటర్లు పోవు విమానము నిమిషమునకు మూడు కిలోమీటర్లు పోవును. ఇరువది నిమిషములలో అరువది. అరువది కిలోమీటర్ల దూరమున ఒక్క డిగ్రీ దారితప్పిన ఒక్క కిలోమీటరు ప్రక్కకు చేరుదుము. పది డిగ్రీలు తప్పిన సుమారు పది. ఈ లెక్క నోటికి వచ్చినవాడు ఫలానా నిమిషమున రైలుకట్ట క్రిందుగా పోవలయునని ముందే పటముమీద గుర్తించుకొనును. కట్ట రాకున్న గాలి యెటు నెట్టినదో విచారించును. ఎడమవైపున నుండవలసిన కృష్ణ కుడివైపున కనబడినచో పలక యేమి చెప్పినను వాడు మోసపోడు. ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. పలకయందును దాని తొడుగునందును అయస్కాంతములుండును. దానిని దిక్సూచి చెంత బిగించినచో సూది ప్రక్కకు తిరుగును. తాను తప్పుటయే గాక, మంచి సాక్షిని గూడ చెడగొట్టు సాక్షి వంటిది ఆ పలక.

కాలము ముందునకు పోవుచుండగా దానిని వెనుకకు లాగుట యుక్తమా యని కొందరందురు. మేము లాగుట లేదు. రాట్నము త్రిప్పినవాడు మరయంత్రమును చూచి భయపడనక్కరలేదు. యంత్రమాగినను వానికి బట్ట యుండును. పాటవము గలవానికి పలక బలము, లేనివానికి ఊతకోల. బలము పోయిన మనుష్యుడు నడుచును. ఊతకోల పోయినచో పడును. మన దేశమున వాణిజ్య వైమానిక పట్టా కోరు విద్యార్థి దిశానిర్ణయ శాస్త్రమునందు పరీక్ష నిచ్చి తీరవలయుననుట నిజమే. కాని పరీక్షకై చదివిన శాస్త్రము వాడుకలో లేకున్న తుప్పుపట్టును. ఈదుట నెఱిగినవాడైనను ఇరువదియేండ్లు నీట దిగకున్న వరదనాడు మునుగును.

కావున మా సూచనలు మూడు. వైమానిక విద్యాలయములు తొలి దూరప్రయాణములను పలక లేకయే చేయింపవలయును. పిమ్మట పలక నిచ్చి, ప్రతి పరీక్షాయాత్రలోను కొంతదూరము దానిని ఆర్పించి నడిపింపవలయును. ఇందులకు అదనపు వ్యయము లేదు. వైమానికులు బయలుదేరకముందు పలకకు నిండుగ విద్యుత్తు నింపి, తాజా పటములు చేర్చి, దానిని ఎండకును దిక్సూచికిని దూరముగ నుంచి, పటముమీద గీత గీచి గడియారము చూచుకొనుచు పోవలయును. ఇక ప్రభుత్వము భూమిమీది రేడియో దిక్సూచక కేంద్రములను పాతవి యను నెపమున తొలగింపరాదు. వానిలో పెక్కింటిని తగ్గించిన అమెరికాయే తక్కినవానిని జీ.పీ.యస్. నిలిచిననాటి కుపయోగింప నిలుపుకొనుచున్నది. మన తెలుగుతీరమందలి శ్రీహరికోటనుండి 2013 జూలైలో మొదలుకొని మనవారు పంపిన నావిక్ ఉపగ్రహములు 2016 ఏప్రిల్ నాటికి ఏడయ్యెను. కాని వానిలో కొన్నిటి అణుగడియారములు చెడినవి. 2023 మే మాసమున స్వదేశమున జేసిన గడియారముతో క్రొత్తతరపు ఉపగ్రహము వెడలెను. 2025 జనవరిలో దాని వెనుక పోయినది నిర్ణీత కక్ష్యను చేరలేదు. ఇందులకు నిరాశ పడనక్కరలేదు, ఉపేక్షయు తగదు. పరాయి సాక్షికి తోడు మన సాక్షి యొకడు బోనులో నిలిచినప్పుడే సత్యము తేలును.

ఆకాశమున ఎగురు కొద్దిమంది సంగతి మనకేల యని పఠనమందిరమున కూర్చున్న మిత్రులు తలపవచ్చును. మీ జేబులోని ఫోను దారి చెప్పనిదే ప్రక్క పేటకు పోలేకున్నారా లేదా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. నేలమీద దారితప్పినవాడు ఆగి, టీ దుకాణమున నొకనిని అడుగవచ్చును. ఆకాశమున ఆగుటకు వీలులేదు, అడుగుటకు దుకాణము లేదు. ట్యాంకులో చమురు నిమిషనిమిషమునకును తరుగుచుండును. అట్టిచోటికి తన బిడ్డను పంపు తండ్రి వానికి మంచి పలక కొనిపెట్టుగాక. కాని పలక ఆరిననాడు ఇల్లు చేరు విద్య నీకు వచ్చునా యని మొదట అడుగుగాక.