నౌపడ ఎండ, నౌపడ గడియారం

1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు మన నౌపడ నుంచి కదిలింది. ఉప్పుమళ్ల పక్కకే నిమిషాల లెక్క వచ్చింది. 1906 జనవరి 1న దేశానికి ఒకే ప్రామాణిక సమయం పెట్టారు. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. నౌపడలో మనం ఆ రేఖాంశానికి తూర్పున ఉన్నాం కనుక, సగటున మన సూర్యుడు గడియారం కంటే ఏడు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు.

చైనాలోనూ ఇదే సంగతి, మరింత పెద్ద ఎత్తున. 1949 తర్వాత దేశమంతటికీ బీజింగ్ సమయమే. అయినా పడమటి కొసన షింజియాంగ్‌లో చాలామంది రెండు గంటలు వెనకున్న స్థానిక సమయాన్నే పాటిస్తారు. గడియారమే కాదు, కాలాన్ని వాడుకునే తీరూ అందరిదీ ఒకటి కాదు. ఒక వేళకు ఒకే పని పెట్టుకునే సమాజాలు, పది పనులు కలిపి నడిపే సమాజాలు అని అమెరికా మానవశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ హాల్ విడదీశాడు. ఉపయోగపడే విభజనే. కానీ దాన్ని పట్టుకుని పాశ్చాత్యులకు తొందర, ఆసియావాళ్లకు తీరిక అని తేల్చేయడం అన్యాయం. వాన పడితే మడిలో ఉప్పంతా కరిగిపోతుందని తెలిసిన ఉప్పు రైతుకు తీరిక ఎక్కడిది? అతను రైలు వేళా ఎరుగును, ఎండ వేళా ఎరుగును.

ఈ సంచిక కాలం గురించి. మీ ఇంట్లో పెద్దవాళ్లు పొద్దును ఎలా లెక్కగట్టేవారో అడిగి, మాకు రాసి పంపండి.