తరగతిగదిలో పుట్టిన క్లబ్బు

కాలిబంతియాట బాలుర చదువునకు చేటని తలంచు తలిదండ్రులు మనలో నింకను పెక్కుమంది కలరు. పరీక్షా ఫలితములు వెలువడిన పిమ్మట వారిలో కొందఱు మా యొద్దకు వచ్చి, "అయ్యా, మా వానిని ఆ మైదానమువైపు పోనీయకుడు" అని చెప్పుచుందురు. వారి భయము వట్టిదని మేము చెప్పము. మఱియొకవైపున, కప్పు గెలిచిన సంవత్సరము మాత్రమే జట్టును భుజముల కెత్తుకొని, ఓడిన సంవత్సరము దాని పేరైన తలపెట్టని పెద్దలును కలరు. ఈ యిరుతెగలవారును ఆటను ఫలమునుబట్టియే తూచుచున్నారు. ఒకరి త్రాసులో మార్కులు, ఒకరి త్రాసులో కప్పులు. ఆ తూనిక సరియైనది కాదని మా యభిప్రాయము. ఉత్త వాదముచే నిది తేలదు గావున, ఇటలీదేశములోని యొక చిన్న పట్టణపు క్లబ్బు చరిత్రను చదువరుల ముందుంచుచున్నాము. ఆ క్లబ్బును స్థాపించినవాడు జమీందారు గాడు, మిల్లుల యజమాని గాడు, ఒక బడిపంతులు.

ఆ పట్టణము పేరు కసాలె మోన్‌ఫెర్రాతో. ఇటలీకి వాయవ్యమున, పియెమోంటె సీమలో, పో నది యొడ్డున నున్నది. పూర్వము మోన్‌ఫెర్రాతో ప్రభువులకు రాజధాని. నేటికిని జనసంఖ్య 40,000 దాటదు. ఒకవైపున ద్రాక్షతోటలతో నిండిన గుట్టలు, నది కావలివైపున వరిపొలములు. ఇటలీలో వరిపంటయా యని మన బాలు రాశ్చర్యపడవచ్చును. ఆ మైదానమంతయు కాలువల నీటితో వరి పండు దేశమే. బెంగాలు ఇంజనీరుల దళమునకు చెందిన బెయిర్డ్ స్మిత్ దొర ఆ సీమలోని కాలువలను పరిశీలించి 1852లో గ్రంథము ప్రకటించెను. అతడే 1856లో మన కృష్ణా గోదావరుల కాలువలను గూర్చియు వ్రాసెను. ఆ వరిసీమకు ముఖ్యపట్టణము వెర్చెల్లి. కసాలెకు ఉత్తరమున సుమారు 15 మైళ్ల దూరమున నున్నది. మన కథ కీ పొరుగూరితో చాల పని యున్నది.

ఇటలీలో మొదట కాలిబంతి పెద్ద నగరములందలి ఆంగ్లేయ వర్తకులును వారి స్నేహితులును ఆడుకొను వినోదముగా నుండెను. 1893లో జెనోవా రేవుపట్టణమున ఆంగ్లేయులు తమ క్లబ్బును స్థాపించిరి. 1898లో మొదటి జాతీయ ఛాంపియన్‌షిప్పు టురిన్ నగరమున నాలుగు జట్లతో ఒక్క దినముననే ముగిసెను, జెనోవావారు గెలిచిరి. పదియేండ్లు గడచునప్పటికి కథ మాఱినది. వెర్చెల్లి పట్టణమున వ్యాయామము కొఱకు 1892లో నేర్పడిన సంఘమువారు, కత్తిసాములో ఆరితేఱిన మార్చెల్లో బెర్తినెత్తి ప్రోద్బలమున, 1903లో కాలిబంతి మొదలిడిరి. తెల్లచొక్కాలు తొడిగిన ఆ పల్లెటూరి యువకులు 1908, 1909, 1911, 1912, 1913 సంవత్సరములలో జాతీయ విజేతలైరి. మిలాన్, టురిన్, జెనోవా వంటి మహానగరములు వరిపొలముల నడుమనున్న యొక చిన్న యూరి యెదుట తలవంచవలసివచ్చెను.

వెర్చెల్లివారి ఈ ప్రాభవము పొరుగున నున్న కసాలెవారికి కంటగింపైనది. పొరుగూరివా రంత యెత్తున నుండగా తమకు జట్టే లేకుండుట వారికి చిన్నతనముగా తోచెను. ఆ యూరిలోని లెయార్ది విద్యాలయమున రఫయేలె జాఫె యను నుపాధ్యాయుడుండెను. ఆయన తన విద్యార్థులను చేర్చుకొని, 1909 డిసెంబరులో, ఆ విద్యాలయపు తరగతిగదిలో క్లబ్బును స్థాపించెను. ఆటతోబాటు దాని పేరునుగూడ ఆంగ్లేయులయొద్దనే తెచ్చుకొని కసాలె ఫుట్ బాల్ క్లబ్ అని నామకరణము చేసిరి. వెర్చెల్లివారిది తెల్లచొక్కా గనుక వీరు నల్లచొక్కా నెన్నుకొని, ఎదపై నొక తెల్లని నక్షత్రమును కుట్టించుకొనిరి.

ఇట్టి స్పర్ధనుండి పుట్టినది మంచి సంస్థ యగునా యని కొంద రడుగవచ్చును. పొరుగువాని మేడను జూచి తన గుడిసెను కూల్చుకొను మాత్సర్యము వేఱు; మేడను జూచి తానును ఇటుకపై నిటుక పేర్చుట వేఱు. కసాలెవారు వెర్చెల్లి మైదానముపై ఱాళ్లు రువ్వలేదు. తమ యూరిలో మైదానమును సిద్ధపఱచుకొనిరి. మా పాఠశాలలో పొరుగు పాఠశాలతో పోటీ జరుగు వారమున బాలుర నోట వినవచ్చు మాటలు మే మెఱుగుదుము. ఆ మాటలను కసరి ఆపుటకంటె, ఆ వేడిమిని సాయంకాలపు అభ్యాసమునకు మళ్లించుట యుపాధ్యాయునికి తగిన పని. జాఫె చేసినది అదియే.

తరువాత జరిగినది త్వరగా జరిగినది. 1913 మే నెలలో ఇంగ్లండునుండి రెడింగ్ అను వృత్తిక్రీడాకారుల జట్టు ఇటలీకి వచ్చెను. జీతము తీసికొని ఆడువారు వారు. ఇటలీవారికి అప్పటికి ఆట సాయంకాలపు పని. రెడింగువారు జెనోవాను 4-2 గోలులతోను, మిలాన్‌ను 5-0తోను ఓడించిరి. ఆ యేటి విజేతలైన వెర్చెల్లివారి కైదు గాదు, ఆఱు గోలులు వేసిరి; ఒక్కటియు తీసికొనలేదు. ఇటలీ దేశపు జట్టునే 2-0తో గెలిచిరి. ఆ పర్యటనలో వా రోడినది ఒక్కచోటనే, కసాలెలో, 2-1 గోలులతో. ఆంగ్లేయ వృత్తిజట్టును గెలిచిన మొదటి ఇటలీ జట్టు ఈ తరగతిగది జట్టేనని ఆ దేశపు క్రీడాచరిత్రకారులు వ్రాయుదురు. అప్పటికి క్లబ్బు వయస్సు మూడున్నర యేండ్లు.

మఱుసటి సంవత్సరము కసాలె ఉత్తరభాగపు పోటీలలో జెనోవా, ఇంటర్, యువెంటస్ మొదలగు జట్లను దాటి, రోమునగరపు లాజియో జట్టుతో తుదిపోరునకు నిలిచెను. 1914 జూన్ 28వ తేదీన సరయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగెను. సరిగా వారము దినములకు, జూలై 5న, కసాలెవారు లాజియోను 7-1తోను, జూలై 12న రోమునకు పోయి 2-0తోను ఓడించి ఇటలీ విజేతలైరి. పత్రికలు చదివి సంతోషించుట కా యూరివారికి దొరకిన వ్యవధి కొలదిది. ఆ నెల ముగియకమునుపే యుద్ధము మొదలయ్యెను. 1915 మే నెలలో ఇటలీయు అందు చేరగా, ఆ సంవత్సరపు ఛాంపియన్‌షిప్పు నడుమనే ఆగిపోయినది. కసాలె మఱల నెన్నడును జాతీయ విజేత కాలేదు.

కప్పుల త్రాసుతో తూచువారి కిచ్చటితో కథ ముగిసినట్లే. మాకు మాత్రము యుద్ధానంతర చరిత్రయే ఎక్కువ విలువగలదిగా తోచుచున్నది. 1901లో ఆ యూర పుట్టిన ఉంబెర్తో కలిగారిస్ 1919నుండి 1928వఱకు కసాలె జట్టున రక్షకుడుగా ఆడి, దేశము తరఫున మొత్తము 59 పోటీలలో నిలిచెను. ప్రక్కనున్న విన్యాలె గ్రామమున జన్మించిన ఎరాల్దో మోన్‌జెల్యోయు కసాలెలోనే ఆరంభించి, 1934లోను 1938లోను ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ జట్లలో నుండెను. ఇరువురును ఊరు విడిచిపోయిరి. కలిగారిస్ 1928లో టురిన్ నగరపు యువెంటసునకు పోయి, అచ్చట 1931నుండి 1935వఱకు వరుసగా ఐదుసార్లు జాతీయ విజేతల జట్టున నుండెను. 1926లోనే ఇటలీ క్రీడాధికారులు ఆటకు సొమ్ము పుచ్చుకొనుట కంగీకరించియుండిరి; మోటారుకార్ల కర్మాగారములవారి యండ గల టురిన్ క్లబ్బుతో నదియొడ్డునున్న చిన్న యూరు వేలములో నిలువలేదు. కసాలె 1930లో రెండవ శ్రేణిని గెలిచి మొదటి శ్రేణికెక్కెను గాని, 1934లో అట్టడుగున నిలిచి దిగిపోయెను. నాటినుండి నేటివఱకు తిరిగి పైకి రాలేదు. ధనాభావముచే పలుమాఱులు కూలి, పలుమాఱులు తిరిగి లేచినది.

ఇది యపజయమా? తన యూరి పిల్లవాని నా స్థాయికి పెంచి పంపిన క్లబ్బును ఓడినదని మేము చెప్పజాలము. మన పాఠశాల మాటయు నట్టిదే. మన జట్టున కొంచెము మెఱసిన బాలుని పెద్ద పట్టణములోని విద్యాలయమువారు జీతము మాఫీచేసి, వసతిగృహమున చోటిచ్చి తీసికొనిపోవుచున్నారు. మరునాటి పత్రికలో ఆ బాలుడు వారి శిష్యుడుగానే ప్రకటింపబడును. బాలుడు పోగూడదని మే మనము. పోనిండు, వృద్ధిలోనికి రానిండు. కాని తీసికొనిపోవువారు పెంచినవారికి కొంత ఋణపడియున్నారను మాటను ఒప్పుకొనవలెను. కాలిబంతి లోకమే 2001లో ఈ న్యాయమును నిబంధనగా వ్రాసికొన్నది: ఆటగాడు దేశాంతరపు క్లబ్బునకు సొమ్ముతో మాఱినపుడు, 12వ యేటినుండి 23వ యేటివఱకు అతనికి శిక్షణ నిచ్చిన క్లబ్బులకు ఆ సొమ్ములో నూటి కైదు వంతులు చెల్లవలెను. పాఠశాలలకు సొమ్ము వలదు. వార్షికోత్సవ సభలో "ఈతడు మొదట ఫలానా పాఠశాలలో నేర్చెను" అని ఒక్క మాట చదివిన చాలును. అదైనను చదువుట లేదు.

ఇక తలిదండ్రుల భయమును గూర్చి. ఆట చదువునకు శత్రువగుట మేము చూచితిమి. అది ఎప్పుడనగా, ఉపాధ్యాయులు సాయంకాలపు గంట కాగానే మైదానమును విడిచి యిండ్లకు పోయినపుడు. అప్పుడు ఊరిలోని పందెగాండ్రును పనిలేనివారును అచ్చట చేరుదురు. బాలుడు వారివెంట పోవును. కసాలెలో మైదానమునకు పిలిచినవాడును తరగతిలో పాఠము చెప్పినవాడును ఒక్కడే. విద్యార్థి ఆ యిద్దఱిలో నొకరికి దాచి రెండవవారియొద్దకు పోవలసిన యవసరము లేకుండెను. కావున "మైదానమువైపు పోనీయకుడు" అనుటకు మాఱుగా, "మైదానమున మీలో ఎవరుందురు?" అని తలిదండ్రులు మమ్మడుగవలెను. ఆ ప్రశ్నకు ప్రతిదినమును బదులు చెప్పగల స్థితిలో పాఠశాల యుండవలెను. డ్రిల్లు మాస్టరుగారి నొక్కరినే ముందునకు త్రోసి మిగిలినవారము తప్పించుకొనుట న్యాయము గాదు.

జాఫె మాటకు తిరిగివత్తము. ఆయన 1877లో అస్తి పట్టణమున యూదుల కుటుంబమున జన్మించెను; తరువాత క్రైస్తవ బాప్తిస్మము పొందెను. 1938లో ఇటలీ ప్రభుత్వము జాతిచట్టములను చేసి, యూదులైన ఉపాధ్యాయులను విద్యార్థులను పాఠశాలలనుండి వెడలగొట్టినది. ఆ చట్టములు మనుష్యుని నమ్మకమును గాక పుట్టుకను లెక్కించినవి. 1944లో జాఫెను బంధించి ఫొస్సొలి శిబిరమునకును, అచ్చటనుండి ఆష్విట్జునకును కొనిపోయిరి. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో అచ్చట ఆయనను చంపిరి. అప్పటి కాయన వయస్సు 66 సంవత్సరములు. తన యూరి కుఱ్ఱలను కూర్చి దేశమునకు పేరు తెచ్చిన బడిపంతులును ఆ దేశపు చట్టము పరాయివానిగా నెంచినది.

కసాలె క్రీడామైదానమునకు నతాలె పల్లి పేరు పెట్టియున్నారు. ఈతడు ఆ యూరివాడైన విమానచోదకుడు. 1918 ఆగస్టులో వియన్నా నగరముపై బాంబులకు బదులు కాగితములు చల్లి వచ్చిన దండులోనివాడు. మఱుసటి యేడు ఆల్ప్స్ కొండలలో మరణించెను. ఆ పేరున కర్హుడు గాడని మే మనజాలము. క్లబ్బు నేడును క్రింది శ్రేణుల జట్లతో తలపడుచునే యున్నది. చొక్కా నల్లనిదే. ఎదపై నక్షత్రము జాఫెయు నాయన విద్యార్థులును ఎన్నుకొన్నదే.