సిలిండరు మార్చమనే వారితో ఒక తగవు

"ఇది పనికిరాదండీ, కొత్తది వేయించుకోండి" అనే మాట మన వర్క్‌షాపుల్లో తీర్పులాగా చలామణీ అవుతున్నది. తీర్పు చెప్పేవాడు కనీసం సాక్షినైనా విచారించాలి కదా! పాత ట్రాక్టరు పవర్ స్టీరింగు సిలిండరు విషయంలో ఆ విచారణ జరగడం నేను చాలా అరుదుగా చూశాను. కవిత్వం మాట్లాడుకునే చోట ఈ ఇనుప గోలేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. చిట్లించనివ్వండి.

మా నాన్నగారి కాలపు ట్రాక్టరుకు ముందు ఇరుసు దగ్గరి సిలిండరు నుంచి నూనె కారుతుంటే, ఒక పేరున్న సర్వీసు కేంద్రం కొత్త సిలిండరుకు అంచనా రాసిచ్చింది. విప్పకుండానే! అసలు అందులో ఉన్నదేమిటి? ఒక ఉక్కు గొట్టం, లోపల పిస్టన్, దానికి బిగించిన క్రోము పూత రాడ్డు, రాడ్డు బయటికి వచ్చే చోట ఒక మూత. ఇవి దశాబ్దాలు నిలిచే వస్తువులు. నిలవనిది వాటి మధ్యనున్న రబ్బరు. వేడికీ వయసుకూ సీళ్ళు గట్టిపడి పగులుతాయి, నూనె కారుతుంది. సీళ్ళ ఖరీదు వందల్లో, సిలిండరు ఖరీదు వేలల్లో. వత్తి కాలిపోయిందని దీపపు సెమ్మెనే మార్చమన్నట్టుంది ఈ సలహా.

"సీలు మార్చినా నెలకే మళ్ళీ కారుతుంది" అన్నది వారి వాదం. కారుతుంది, రాడ్డును చూడకుండా మారిస్తే. డెల్టా పొలాల్లో కేజీ చక్రాలతో దమ్ము చేసేటప్పుడు చాచుకున్న రాడ్డు మీద బురద అంటుకుని ఎండుతుంది. దాన్ని తుడవవలసిన వైపర్ సీలు అరిగిపోతే ఇసుక లోపలికి పోతుంది. క్రోము మీద గీతలు పడతాయి, గీతల్లో తుప్పు పుడుతుంది, తుప్పు గుంటలవుతుంది. ఆ గుంటలు కొత్త సీలును ఆకురాయిలా అరగదీస్తాయి. రాడ్డుకు గ్రైండింగు చేయించి, హార్డ్ క్రోము వేయించి, తిరిగి అసలు కొలతకు తెస్తే తీరే పని ఇది. విజయవాడ ఆటోనగరులో హైడ్రాలిక్ పనివారికి కొత్తేమీ కాదు.

ఇంకొక అన్యాయం ఉంది. స్టీరింగు బరువెక్కిందనగానే నేరం సిలిండరు మీదికి నెడతారు. పంపు అరిగి ఉండవచ్చు, రిలీఫ్ వాల్వు బలహీనపడి ఉండవచ్చు, కింగ్ పిన్నులు గ్రీజు లేక పట్టేసి ఉండవచ్చు. తేల్చుకోవడం కష్టమా? చక్రాలను ఒక వైపు చివరికంటా తిప్పి, ఇంజను ఆపి, నూనె వెనక్కి పోయే వైపు గొట్టాన్ని సిలిండరు దగ్గర విప్పి, గొట్టం మూతి మూయాలి. ఇంజను వేసి స్టీరింగును అదే వైపు కాసేపు అదిమి పట్టాలి. తెరిచిన రంధ్రం నుంచి నూనె ధారగా వస్తే పిస్టన్ సీలు పోయినట్టు. రాకపోతే ఆ దొంగ మరెక్కడో ఉన్నాడు. పావుగంట పని.

గొట్టం లోపల లోతుగా గీరుకుపోతే, కన్ను దగ్గర అతుకు చీలితే మార్చవలసిందే. అక్కడ నాకు పేచీ లేదు. కానీ మార్చడం కూడా తెలిసి చేయాలి. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1964లో మొదలైన మాసీ ఫెర్గూసన్ 135 వంటి యంత్రాలు అంగుళాల లెక్క కాలానివి. ఆ కర్మాగారం 2000ల తొలినాళ్ళలో మూతపడింది. అటువంటి బండికి మిల్లీమీటర్ల మర ఉన్న కొత్త సరుకు తెచ్చి బలవంతాన బిగిస్తే గొట్టం మర, సిలిండరు మర రెండూ పాడవుతాయి.

మరమ్మతు హక్కు గురించి మన కేంద్ర ప్రభుత్వం 2022లో కమిటీ వేసినప్పుడు ఎంచుకున్న రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో పోర్టలూ తెరిచారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతుల కోసం ఏకంగా చట్టమే చేసింది. పోర్టలు చట్టం కాదు. మా మండలంలో మెకానిక్కు చేతికి అది ఒక్క సీలు కొలతనూ అందించలేదు.

కనుక నేనడిగేది పెద్ద కోరికేమీ కాదు. అంచనా రాసే ముందు సిలిండరును రైతు ఎదుట విప్పండి. రాడ్డును వెలుతురులో తిప్పి చూపించండి. కొత్తదే వేశారనుకుందాం, పాతదాన్ని తుక్కు గుట్టలోకి విసరక అతని చేతికివ్వండి. డబ్బు పెట్టి కొన్నది అతను.