నడక పోయేది తలరాత వల్ల కాదు, ఆలస్యం వల్ల

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

జీలుగు చెట్టు మీంచి పడినా, ఘాట్ రోడ్డులో జీపు బోల్తా కొట్టినా మన ఊళ్లలో వినపడే మాట ఒకటే: "తుంటి పోయింది, ఇంక వాడి పని అయిపోయింది, తలరాత." ఆ మాట అబద్ధం అని చెప్పడానికే ఇది రాస్తున్నాం.

తొడ ఎముక పైన గుండ్రటి తల ఉంటుంది. అది తిరిగే చోటే తుంటి గిన్నె. గిన్నె విరిగి ముక్కలు పక్కకి జరిగితే, వాటిని మళ్లీ సరిగ్గా కలిపి ప్లేట్లు, స్క్రూలు వెయ్యాలి. కొద్ది మిల్లీమీటర్ల తేడా మిగిలినా లోపలి నున్నటి పొర అరిగిపోయి కీలు పాడవుతుంది. ముక్కలు జరగకపోతే ఆపరేషన్ లేకుండా కూడా మానొచ్చు.

"ఆపరేషన్ చేసినా లాభం లేదు" అనేవాళ్లకి ఒక లెక్క. అమెరికా డాక్టర్ జోయెల్ మట్టా 1996లో 262 కేసుల ఫలితాలు ప్రచురించాడు. అన్నీ దెబ్బ తగిలిన 3 వారాల్లోపు ఆపరేషన్ చేసినవే. వాటిలో 76 శాతం మందికి ఫలితం బాగుంది లేదా చాలా బాగుంది. అందరికీ బాగవుతుందని మేం అనడం లేదు. కొందరికి నరం దెబ్బతింటుంది, కొందరికి కీలు అరిగి తర్వాత మార్చాల్సి వస్తుంది. కానీ నలుగురిలో ముగ్గురు బాగా కోలుకున్నారంటే, దాన్ని తలరాత అని ఎలా అంటాం?

అసలు సంగతి ఆ 3 వారాల్లో ఉంది. అవి దాటితే ముక్కలు వంకరగానే అతుక్కుపోతాయి, ఎంత పెద్ద డాక్టరైనా సరిచెయ్యడం కష్టం. కీలు జారిపోతే ఇంకా తొందర. దాన్ని గంటల్లోనే వెనక్కి పెట్టాలి, లేకపోతే ఎముక తలకి రక్తం అందక అది చచ్చిపోతుంది.

ఇప్పుడు మన దారి చూడండి. కొండ మీంచి డోలీ. పీహెచ్‌సీలో ఎక్స్‌రే లేదు. తర్వాత ఆసుపత్రిలో సీటీ స్కాన్ లేదు. పాడేరు నుంచి విశాఖ వంద కిలోమీటర్ల పైమాటే. అక్కడ కాగితాలు, రక్తం, బెడ్ కోసం ఎదురుచూపు. ఇన్ని రోజులు మింగేసిన వ్యవస్థ చివరికి "గిరిజనులకి అవగాహన లేదు, పసరు కట్టు కట్టించుకుంటారు" అంటుంది. రోడ్డు వెయ్యనివాళ్లు మనకి అవగాహన పాఠం చెప్తారా? పసరు కట్టుతో గిన్నె అతకదు, నిజమే. మరి దగ్గర్లో ఏం పెట్టారని అది వదిలేసి రమ్మంటున్నారు?

ఆపరేషన్ ఫ్రీ అంటే సరిపోదు. ఆ తర్వాత రెండు, మూడు నెలలు ఆ కాలి మీద బరువు వెయ్యకూడదు. పోడు ఎవరు దున్నుతారు? చెకప్‌కి మళ్లీ కొండ ఎవరు దింపుతారు? ఫిజియోథెరపీ ఎక్కడ?

అందుకే మన డిమాండ్లు: ఏజెన్సీ ఆసుపత్రుల్లో సీటీ స్కాన్, రోజంతా ఎముకల డాక్టరు, నేరుగా ఆపరేషన్ చేసే చోటికే రిఫరల్, కోలుకునే నెలలకి కూలి భత్యం, చెకప్‌లకి బండి.

మనం చెయ్యాల్సింది కూడా ఉంది. ఎవరైనా పడితే కాలు లాగనివ్వకండి, కదలకుండా పడుకోబెట్టే మొయ్యండి. పడిన టైము రాసిపెట్టండి. "తుంటి జారిందా? ఆపరేషన్ ఏ రోజు?" అని డాక్టర్ని అడగండి. ఎన్ని రోజులు ఎక్కడ పోయాయో తేదీలతో రాసి గ్రూపులో పెట్టండి. ఆ కాగితాలతోనే ఐటీడీఏ ముందు కూర్చుందాం.

జోహార్.