కామియాడ్ ఏరిన రాళ్ళు

మార్కాపురమనగానే పలక జ్ఞప్తికి వచ్చుట సహజము. అయితే ఆ పలకరాతికి పొరుగుననే నల్లమల శిఖరములుగా నిలిచిన క్వార్ట్జైటు శిలతో, లక్షలాది సంవత్సరముల క్రిందట, ఆదిమానవుడు చేతిగొడ్డళ్ళు చెక్కుకొనెనన్న సంగతి మనలో పెక్కుమంది యెఱుగరు. దానిని లోకమునకు తెలిపినవారిలో ఎల్. ఏ. కామియాడ్ ముఖ్యుడు.

నాడు ఈ సీమ కర్నూలు జిల్లాలోనిది. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు బాటలోని నందికనుమ మున్నగు తావులందు, వాగులు కోసిన గట్లలో, కంకరపొరలలో, ఎఱ్ఱమట్టిలో దొరకిన శిలాపరికరములను ఆయన యేరి, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన మైల్స్ బర్కిట్టుతో కలిసి పరిశీలించి, 1930లో ‘యాంటిక్విటీ’ పత్రికలో వ్యాసము ప్రకటించెను. మొదట చేతిగొడ్డళ్ళు, పిమ్మట పెచ్చులతో చేసిన పనిముట్లు, తరువాత సన్నని బద్దలవంటి అలుగులు, తుదకు సూక్ష్మశిలాపరికరములు అని వారు నాలుగంతరువులను ఏర్పఱచి, వానిని వానలు మెండుగా కురిసిన కాలములతోను, అనావృష్టి కాలములతోను ముడివెట్టి చూపిరి. దక్షిణదేశపు ప్రాచీన శిలాయుగమునకు ఒక వరుస కల్పించిన తొలి యత్నములలో ఇది యొకటి.

రాయి యెంత సుందరముగా చెక్కబడినను, ఏ వాగుగట్టున, ఏ పొరలో, ఏ తోడిరాళ్ళ నడుమ దొరికెనో తెలియనిచో దాని నోరు మూతపడినట్లే. కామియాడ్ సేకరణకు ప్రాణము ఆ స్థలజ్ఞానమే. అందువలననే తరువాతివారు ఆ నిర్ణయములను మరల పరీక్షింపగలిగిరి. కె. వి. సౌందరరాజన్ సగిలేటి ప్రాంతమున గిద్దలూరు చుట్టుపట్టుల శిలాపరికరములను పరిశోధించి, 1952లో ‘ఏన్షియంట్ ఇండియా’ 8వ సంచికలో ప్రకటింపగా, గిద్దలూరు పేరు పురాతత్త్వ గ్రంథములకెక్కెను. బడిపిల్లల పుస్తకములలోను దానికి తగిన చోటుండవలెనని నా కోరిక.

ఇట్టి శిలాపరికరములనే యేరిన మఱియొకరు, రాబర్ట్ బ్రూస్ ఫూట్. ఆయన సేకరణ అదృష్టవంతమైనది. మద్రాసు ప్రభుత్వము 1904లో దానిని కొని తన మ్యూజియమున నిలిపినది. ఆయన వ్రాసిన వివరణపట్టికయు 1914, 1916లలో ముద్రితమైనది. కామియాడ్ రాళ్ళో, సముద్రములు దాటి కేంబ్రిడ్జి చేరినవి. అచ్చట భద్రముగా నుండుట సంతోషమే, కాని తమ గట్టున పుట్టిన రాతిని చూడదలచిన గిద్దలూరు బాలునికి అది దుర్లభము.

ఆ రాళ్ళన్నియు తిరిగి రావలెనని పట్టుబట్టుటకంటె ముందుగా చేయదగిన పనులు కలవు. ప్రతి రాతి ఛాయాచిత్రమును, దొరకిన తావును కోరి తెప్పించి, తెలుగున పట్టిక ముద్రించుట మొదటిది. కొన్నిటి నమూనాలను మార్కాపురముననో గిద్దలూరుననో, పలకల పరిశ్రమ చరిత్రతో చేర్చి, ఒక చిన్న ప్రదర్శనశాలలో నుంచుట రెండవది. ఇక సగిలేటి గట్ల కంకర రోడ్లకు తరలిపోకముందే, మన కళాశాలల అధ్యాపకులు విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ పొరలను కొలిచి వ్రాసికొనుట అత్యవసరము. ఈ వేసవిలోనే దానికి పూనుకొనవలెను.