క్రానిక్ అంటే కడదాకా వచ్చినట్టు కాదు

నౌపడ ఉప్పు మడుల నుంచి కవిటి కొబ్బరి తోటల దాకా, రిపోర్టులో 'క్రానిక్ కిడ్నీ డిసీజ్' అని కనిపిస్తే ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. జబ్బు ముదిరిపోయిందనీ, ఇక డయాలసిస్సేననీ చాలామంది అనుకుంటారు. ఆ మాటకు అర్థం అది కాదు. కాలాన్ని సూచించే గ్రీకు పదం 'క్రోనోస్' నుంచి పుట్టిన ఈ మాట, జబ్బు చాలాకాలంగా ఉందని మాత్రమే చెబుతుంది. వాడుక ఇంగ్లిషులో 'మరీ ఘోరం' అనే అర్థంలోనూ వాడటంతో తికమక వస్తోంది.

మూత్రపిండాల లోపం 3 నెలలకు మించి ఉంటే వైద్యులు క్రానిక్ అంటారు. తీవ్రతను తెలిపేది దశ. మొత్తం 5 దశలు. డయాలసిస్ అవసరమయ్యేది సాధారణంగా చివరి దశలోనే. ఉద్దానంలో ఈ జబ్బుకు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. అయినా ముందే గుర్తించి బీపీ, షుగర్ అదుపులో ఉంచుకుని, నొప్పి మాత్రలు సొంతంగా వాడటం మానేస్తే జబ్బు వేగం తగ్గించవచ్చు. మాటకు భయపడి పరీక్షలు మానేసినా, నాటుమందుల వెంట పడినా చేజారేది ఆ విలువైన కాలమే.

అందుకే రిపోర్టు చేతికి రాగానే డాక్టరును అడగండి: ఇది ఎన్నో దశ? క్రియాటినిన్, ఈజీఎఫ్‌ఆర్ ఎంత? మూత్రంలో ప్రొటీన్ పోతోందా? మళ్లీ పరీక్ష ఎప్పుడు?