డీజిల్ కారు వెనక ట్రాలీ.. దొంతన్‌పల్లి రోడ్ల మీద ఏ బండి నిలబడుతుంది? అసలు లెక్క ఇదీ..

కారవాన్ అనగానే మనకు గుర్తొచ్చేది సినిమా షూటింగ్ దగ్గర హీరో కోసం ఆగి ఉండే ఏసీ బండి. అది బస్సు ఛాసిస్ మీద కట్టిన గది. దాని ఇంజిన్ దానికే ఉంటుంది, దాని డ్రైవర్ దానికే ఉంటాడు. బ్రిటన్‌లోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడ్డ మనవాళ్లను అడిగితే మాత్రం కారవాన్ అంటే వేరే బొమ్మ చెప్తారు. ఇంజిన్ లేని చక్రాల గదిని సొంత ఫ్యామిలీ కారు వెనక తగిలించుకుని సెలవులకు వెళ్లిపోవడం.

ఆ సరదా మన దగ్గర ఇంకా పెద్దగా రాలేదు. కానీ కారు వెనక బరువు తగిలించే అవసరం మాత్రం ఉంది. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం దొంతన్‌పల్లినే తీసుకోండి. ఒకపక్క బిజినెస్ స్కూల్ క్యాంపస్, ఇంకోపక్క పొలాలు, మధ్యలో విల్లాలు, ఫామ్‌హౌస్‌లు. అటు మొయినాబాద్, ఇటు చేవెళ్ల అంతా కూరగాయలు, పూల తోటల బెల్టు. వారం రోజులు పిల్లలను స్కూల్‌కు దింపే కారే, ఆదివారం నారు ట్రేలో, నీళ్ల ట్యాంకో, జనరేటరో ఉన్న చిన్న రెండు చక్రాల ట్రాలీని లాగగలిగితే బాగుండు అనుకునే కుటుంబాలకు ఇలాంటి చోట కొదవ ఉండదు. అలాంటి వాళ్ల మొదటి ప్రశ్న ఒక్కటే. డీజిల్ తీసుకోవచ్చా?

ఈ ప్రశ్నకు మళ్లీ ప్రాణం పోసింది జీఎస్టీ మార్పు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న డీజిల్ కార్లపై పన్ను 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతం. ఈ రెండు హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా 40 శాతం. అందుకే నెక్సాన్, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, సోనెట్, బొలెరో, బొలెరో నియో డీజిల్ బండ్లు ఒకవైపు ఉంటే, క్రెటా, స్కార్పియో ఎన్, సఫారీ, ఇన్నోవా క్రిస్టా ఇంకోవైపు ఉన్నాయి. క్రెటా ఇంజిన్ 1500 సీసీ లోపే. పొడవు నాలుగు మీటర్లు దాటడంతో పై స్లాబులో పడింది. టేపు పెట్టి కొలిచి పన్ను వేయడం అంటే ఇదే మరి!

ఇక ఇంధనం ఖర్చు. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయలు, డీజిల్ 96 రూపాయల దగ్గర్లో నిలిచాయి. పెట్రోలు కారు లీటరుకు 12 కిలోమీటర్లు, అదే సైజు డీజిల్ కారు 16 ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకు ఒకటి తొమ్మిది రూపాయలు, ఇంకొకటి ఆరు రూపాయలు తింటుంది. డీజిల్ మోడల్‌కు లక్షా ఇరవై వేలు ఎక్కువ పెట్టారనుకుంటే, ఆ డబ్బు వెనక్కి రావాలంటే 40 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఇరవై నెలల పని. నెలకు ఐదొందలు తిరిగే ఇంటికి ఆరేడేళ్లు. ఒకప్పుడు ఇంత ఆలోచన అక్కర్లేదు, పెట్రోలుకూ డీజిల్‌కూ తేడా చాలా ఉండేది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేయడంతో ఆ రోజులు పోయాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధన రాగానే మారుతి అయితే డీజిల్ కార్లకే దండం పెట్టేసింది.

ఆ బీఎస్-6 దగ్గరే అసలు చిక్కు ఉంది. షోరూంలో దీని గురించి గట్టిగా చెప్పేవాళ్లు తక్కువ. కొత్త డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. నిండాక ఆ మసిని తనలోనే కాల్చేసుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. అంటే బండి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా ఒకే ఊపులో పరుగెత్తాలి. రోజూ ఇంటి నుంచి స్కూల్‌కు, అక్కడి నుంచి కిరాణా కొట్టుకు, మూడు నాలుగు కిలోమీటర్లు పోయి ఇంజిన్ ఆపేసే కారులో ఆ వేడి పుట్టదు. మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. ఆ లైటును 'తర్వాత చూద్దాంలే' అని వదిలేస్తే బండి పవర్ తగ్గించేసుకుంటుంది. ఆ తర్వాత బిల్లు వేలల్లో మొదలై, ఫిల్టరే మార్చాల్సి వస్తే లక్ష వైపు నడుస్తుంది. కాబట్టి 'నమ్మకమైన డీజిల్ ఇంజిన్ ఏది' అని అడిగే ముందు 'నా తిరుగుడు డీజిల్‌కు సరిపోతుందా' అని అడగాలి. వారానికి ఒక్కసారైనా ఔటర్ ఎక్కి అరగంట పోయే పని లేకపోతే డీజిల్ వద్దు. మొహమాటం అక్కర్లేదు.

సరే, తిరుగుడు ఉంది. ట్రాలీ కూడా లాగాలి. అప్పుడు చూడాల్సింది హార్స్‌పవర్ కాదు, టార్క్. ఆగి ఉన్న బరువును కదిలించేది అదే. నెక్సాన్ డీజిల్ 260, ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ డీజిల్ 300 న్యూటన్ మీటర్లు ఇస్తాయి. బొలెరో 210, బొలెరో నియో 260. నంబర్లు చూస్తే చిన్న కార్లే బాగున్నాయి కదా అనిపిస్తుంది. కానీ నెక్సాన్, 3ఎక్స్ఓలు మోనోకాక్ బండ్లు. అంటే బాడీయే ఫ్రేము, నడిచేది ముందు చక్రాలు. వెనక హుక్ మీద బరువు పడితే ముందు చక్రాలు తేలిక అవుతాయి. వానలో మట్టి గట్టు ఎక్కేటప్పుడు అవి ఊరికే తిరుగుతాయి. బొలెరో, నియో, స్కార్పియో, క్రిస్టాలకు కింద లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉంటుంది, నడిచేది వెనక చక్రాలు. లాగుడుకు పుట్టిన కట్టుబడి అది. పల్లెల్లో బొలెరో ఇంకా కనిపిస్తోందంటే కారణం ఇదే. దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరకని మండలం ఉండదు.

ఇక్కడే ఒక మాట దాచకుండా చెప్పాలి. పన్ను తక్కువ, ఛాసిస్ గట్టి, ఏడుగురు కూర్చోవచ్చు అని బొలెరో నియో వైపు చూసేవాళ్లు, 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో దానికి వచ్చింది ఒక్క స్టారేనని తెలుసుకోవాలి. నెక్సాన్‌కు, 3ఎక్స్ఓకు ఐదు స్టార్లు. స్కార్పియో ఎన్‌కు పెద్దల రక్షణలో ఐదు. ఇది కాగితం మీద నంబరే కదా అనుకునేవాళ్లు 2025 నవంబర్ 3 ఉదయాన్ని గుర్తు చేసుకోవాలి. చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ తాండూరు డిపో ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. అదే రోడ్డు. అవే టిప్పర్లు. మర్రిచెట్ల కేసుతో ఏళ్ల తరబడి విస్తరణ ఆగిన హైదరాబాద్-బీజాపూర్ హైవే మీదే ఈ బెల్టు వాళ్లంతా పిల్లలతో తిరగాలి. మా అంచనా ప్రకారం ట్రాలీ ఏడాదికి పది సార్లు లాగేవాళ్లు, మిగిలిన రోజుల భద్రతను చూసి ఐదు స్టార్ల బండే తీసుకోవాలి. ఆ పది సార్లకు ట్రాలీ ఆటో అద్దెకు దొరుకుతుంది. వారం వారం బరువు లాగే పనే ఉంటే, 40 శాతం పన్ను కట్టినా సరే స్కార్పియో ఎన్ వైపు చూడటం మేలు. అందులో ఛాసిస్ ఉంది, భద్రతా ఉంది, పెద్ద ఇంజిన్ ఉంది. బడ్జెట్ అంత లేదంటే నియో కొని గట్టిగా లాగడం కాదు, లాగే పనే తగ్గించుకోవాలి.

ఎంత బరువు లాగొచ్చు? ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ కెపాసిటీ అని రాసి ఉందా చూడండి. రాసి లేకపోతే, కంపెనీ సర్వీస్ సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోకుండా హుక్ బిగించొద్దు. వారంటీ పోతుంది. బ్రిటన్‌లో కొత్తగా కారవాన్ లాగేవాళ్లకు చెప్పే మాట ఒకటుంది. ట్రైలర్ బరువు కారు బరువులో 85 శాతం దాటకూడదట. అక్కడ 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండి తీరాలి. మన దగ్గర వెల్డింగ్ షాపుల్లో తయారయ్యే ట్రాలీకి బ్రేకు ఎక్కడుంటుంది? కారు బ్రేకులే రెండింటినీ ఆపాలి. అందుకే అలాంటి దాన్ని ఐదారొందల కిలోల లోపే ఉంచుకోవాలి. బరువంతా వెనక వేస్తే ట్రాలీ పాములా ఊగుతుంది, కారును కూడా ఊపుతుంది. బరువులో కొంచెం ఎక్కువ భాగం ఇరుసుకు ముందు, కారు వైపు ఉండాలి.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, దాని మీద దాని నంబరు ఉండాలి, లాగే బండి నంబరు కూడా వెనక కనిపించాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. నంబర్ లేని ట్రాలీ తగిలి ఎవరికైనా ఏమన్నా అయితే, కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదా అనే ధీమా పనికిరాకపోవచ్చు. నష్టపరిహారం ఇంటి మీదికి, పొలం మీదికి వస్తుంది.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై 2015లో ఎన్జీటీ ఆంక్షలు పెట్టాక, అక్కడి కార్లు చవగ్గా మిగతా రాష్ట్రాలకు వస్తున్నాయి. తెలంగాణలో అలాంటి పదేళ్ల నిబంధన లేదు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అందుకే ధర చూసి టెంప్ట్ అవుతాం. కానీ ఎన్ఓసీ వచ్చిందా, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది, మీటర్ వెనక్కి తిప్పారా అన్నవి తేలాకే అడ్వాన్స్ ఇవ్వండి. మీటర్ 60 వేలు చూపిస్తుంటే క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ అరుగుదల చూడండి. అవి అబద్ధం చెప్పవు.

ఎలక్ట్రిక్ కారు ఎందుకు కాదు అంటారా? 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణలో ఈవీలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. స్కూల్, ఆఫీసు తిరుగుడుకు అది డీజిల్ కంటే మంచి బేరం, డీపీఎఫ్ గొడవే ఉండదు. ట్రాలీ తగిలిస్తే మాత్రం రేంజ్ బాగా పడిపోతుంది. షోరూంకు వెళ్లే ముందు గత మూడు నెలల్లో ఎన్ని కిలోమీటర్లు తిరిగారో, అందులో ఎన్నిసార్లు బరువు లాగాల్సి వచ్చిందో ఒక కాగితం మీద రాసుకోండి. సేల్స్‌మన్ టెస్ట్ డ్రైవ్ ఇస్తే ఒక్కరే వెళ్లకండి. ఇంట్లో వాళ్లందరినీ ఎక్కించుకుని, ఏసీ ఆన్ చేసి, ఎత్తు ఉన్న చోట బండి ఆపి మళ్లీ కదిలించి చూడండి.